తాతగారి సూట్‌కేసు పెట్టె, 45 వేల ఇత్తడి బాకా

ప్రశ్న: మాది తెనాలి. మా తాతగారి నాటి హెచ్.ఎం.వి. గ్రామఫోన్ ఒకటి అటక మీద దొరికింది. సూట్‌కేసులా మూసుకునే నల్ల పెట్టె. మోడల్ 102 అంటున్నారు. కీ ఇస్తే తిరుగుతోంది గానీ మధ్యమధ్య లోపల దబ్‌మని చప్పుడొస్తోంది, పాట బొంగురుగా గరగరలాడుతోంది. దాంతోపాటు 60 దాకా ప్లేట్లున్నాయి. ఎక్కువ నాటకాల పద్యాలు, కొన్ని సినిమా పాటలు. పాతసామాన్ల వ్యాపారి అన్నీ కలిపి 11 వేలిస్తానన్నాడు. ఈలోగా నాకూ ఈ సరదా పట్టుకుంది. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో ఇత్తడి బాకా ఉన్న గ్రామఫోన్ చూశాను. 1905 నాటి లండన్ ఒరిజినల్ అనీ, అమెరికాకైనా పంపిస్తామనీ చెప్పి 45 వేలు అడుగుతున్నారు. కొనొచ్చా? వీటి ధరలు ఏటా పెరుగుతాయన్నది నిజమేనా? న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య తాతగారి పెట్టె తనతో తీసుకెళతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు బాకా సంగతి తేల్చేద్దాం. కొనకండి. కొనాలని మనసు మరీ లాగితే, ఇక్కడ చెప్పేవన్నీ మీ కళ్ళతో చూసుకునేదాకా బయానా మాత్రం ఇవ్వకండి.

మన దేశంలో దుకాణాల్లో ధగధగలాడుతూ కనబడే ఇత్తడి బాకా గ్రామఫోన్లలో చాలావరకు ఇటీవలి దశాబ్దాల్లో కూర్చినవే. హోటళ్ళ ముందు హాళ్ళకి, సినిమా సెట్లకి, టూరిస్టులకి అమ్మడానికి చేసినవి. మన దగ్గర్నుంచి ఇవి ఎంతగా ఎగుమతి అయ్యాయంటే, విదేశీ సేకర్తలు వీటికి వెక్కిరింపు పేర్లు కూడా పెట్టుకున్నారు. చేసే పద్ధతి సులువు. మీ ఇంట్లో ఉన్నలాంటి సూట్‌కేసు గ్రామఫోన్ ఒకటి చవగ్గా కొని విప్పేస్తారు. అందులోని మోటారు, పళ్ళెం (రికార్డు పెట్టి తిప్పే చక్రం), సౌండ్ బాక్సు (ముల్లు బిగించే, శబ్దం పుట్టే గుండ్రటి డబ్బీ) తీసి కొత్తగా చేయించిన ఎనిమిది పలకల పెట్టెలో బిగించి, వెనక బాకా తగిలిస్తారు. ఒక అసలు సరుకు చస్తే తప్ప ఇలాంటి నకిలీ ఒకటి పుట్టదు. మీ పెట్టెకి బేరం పెట్టిన వ్యాపారి చేతుల్లోంచి అది ఎక్కడికి పోతుందో ఈ కోణంలో కూడా ఆలోచించండి.

దుకాణానికి వెళితే మొదట పేరు పలక చదవండి. 1900 డిసెంబరు నుంచి 1907 దాకా హెచ్.ఎం.వి. తయారుచేసిన లండన్ కంపెనీ పేరు గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ లిమిటెడ్. (టైప్‌రైటర్లు కూడా అమ్మబోయి చేతులు కాల్చుకుంది.) అప్పట్లో దాని రికార్డుల మీద ఉండేది, ఈకతో పళ్ళెం మీద రాస్తున్న దేవదూత బొమ్మ. హెచ్.ఎం.వి. కుక్క బొమ్మ ప్రకటనల్లో ముందే కనిపించినా, రికార్డుల లేబుళ్ళకెక్కింది 1909లో. 1905 అని చెబుతున్న పెట్టె మీద హిజ్ మాస్టర్స్ వాయిస్ (హెచ్.ఎం.వి. పూర్తి పేరు అదే) అని కొత్త ఇత్తడి రేకు మెరుస్తుంటే అనుమానించాల్సిందే. తర్వాత స్క్రూలు చూడండి. తల మీద ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూలు వాడుకలోకి వచ్చింది 1930ల నడుమ. అలాంటిది ఒక్కటి ఉన్నా ఆ భాగాన్ని తర్వాతెప్పుడో బిగించారన్నమాట. ఒకటి రెండైతే మరమ్మతు అనుకోవచ్చు, అన్నీ అవే అయితే పెట్టే కొత్తది.

పళ్ళెం తీసి చూపించమనండి. ఒప్పుకోకపోతే బయటికొచ్చేయండి. పళ్ళెం కింది చెక్క మీద పనికిరాని పాత బెజ్జాలు, పూడ్చిన కంతలు, అంచున ప్లైవుడ్ పొరలు కనబడితే మిగతావి చూడక్కర్లేదు. సౌండ్ బాక్సును మోసే గొట్టపు చెయ్యి అన్నిటికంటే బాగా నిజం చెబుతుంది. 1905 ప్రాంతపు మంచి యంత్రాల్లో అది సౌండ్ బాక్సు దగ్గర సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ లావవుతుంది. చిటికెన వేలితో తోసినా నూనె మీద నడిచినట్టు కదులుతుంది. వెనక దాన్ని పట్టుకునే బ్రాకెట్ బరువైన పోత ఇనుముది. నకిలీల్లో సూట్‌కేసు పెట్టె చెయ్యినే తెచ్చి ఇత్తడి ముక్కకి అతికిస్తారు. ఆకురాయి గీతలు కంటికి కనబడతాయి. అతుకు దగ్గర గాలి పోతుంది కాబట్టి శబ్దం నీరసంగా ఉంటుంది, కదలిక బిగుసుకుంటుంది. చెయ్యి స్వేచ్ఛగా కదలకపోతే ముల్లు గాడి గోడను నూరేస్తుంది. తాతగారి పద్యాలు దాని మీద పెట్టారంటే నాలుగుసార్లకే బూడిద రంగు చారలు పడతాయి.

ఇక బాకా. ఇత్తడిదైతే పాతది అని అందరూ అనుకుంటారు. పూల రేకుల ఆకారంలో ఉండే నాటి బాకాల్లో ఎక్కువ భాగం రంగు వేసిన ఉక్కు రేకువి. ఇత్తడివీ ఉన్నాయి, చెక్కవీ ఉన్నాయి. రేకుల అతుకులు సన్నగా, తిన్నగా ఉన్నాయా, లేక టంకం ముద్దలు కట్టిందా అన్నది లోపలివైపు చేత్తో తడిమి చూడండి. ఇలాంటి అలంకరణ గ్రామఫోన్లు కొత్తవి ఆన్‌లైన్‌లో సుమారు 6 వేల నుంచి 15 వేల లోపు దొరుకుతున్నాయి. హాల్లో అందంగా ఉంటే చాలనుకుంటే ఆ ధరకి తీసుకోండి, తప్పేం లేదు. మిగతా 30 వేలు మాత్రం వాళ్ళు చెప్పే కథకి కడుతున్నట్టు.

ధరలు ఏటా పెరుగుతాయన్న మాట సగం కూడా నిజం కాదు. అసలు మార్కెట్ అమెరికా, బ్రిటన్‌లలో ఉంది. అక్కడ ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నది రెండు దారుల వ్యవహారం. మామూలు యంత్రాలు ఉన్నచోటే ఉన్నాయి, కొన్ని దిగాయి. ఉదాహరణకి ఎడిసన్ కంపెనీ 1898లో 20 డాలర్లకి తెచ్చిన స్టాండర్డ్ మోడల్. మైనపు గొట్టాలు వాయించేది. తిరిగే స్థితిలో ఉన్నది ఇప్పుడు సుమారు 300 నుంచి 600 డాలర్ల మధ్య పలుకుతోంది. చాలా ఏళ్ళ కిందటా ఇంచుమించు అంతే. డాలరు విలువ తగ్గిన లెక్క తీసుకుంటే అది నష్టమే. బీరువాలా నిలువుగా ఉండే విక్ట్రోలాల (అమెరికా విక్టర్ కంపెనీ గ్రామఫోన్ల) పరిస్థితి ఇంకా కనాకష్టం. 100, 200 డాలర్లకి కూడా నెలల తరబడి పడి ఉంటాయి, ఎవరైనా మోసుకుపోతే చాలని ఊరికే ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

కారణాలు అర్థం కానివేం కాదు. ఇవి లక్షల్లో తయారయ్యాయి. 1960, 70లలో సేకరణ మొదలుపెట్టిన తరం పెద్దదైపోయి, ఒక్కో ఇంటి నుంచి పది, ఇరవై యంత్రాలు ఒకేసారి వేలానికి వస్తున్నాయి. కొనాల్సిన కుర్రవాళ్ళవి అపార్ట్‌మెంట్లు. పైగా ఇంటర్నెట్ వచ్చాక, మన జిల్లాలో ఒక్కటే ఉందనుకున్న సరుకు లోకంలో వెయ్యి చోట్ల అమ్మకానికి కనబడుతోంది.

రెండో దారి వేరు. నిజంగా తక్కువ తయారైనవి, లేదా శబ్దంలో మిగతావాటిని తలదన్నేవి దిగలేదు. గ్రామఫోన్ కనిపెట్టిన బెర్లినర్ పేరున్న తొలినాళ్ళ యంత్రాలు, 1911లో వచ్చిన ఎడిసన్ ఒపేరా, 1927 నుంచి వచ్చిన హెచ్.ఎం.వి. 202, 203 లాంటి బీరువాలు, లండన్‌లో చేతితో చేసిన ఇ.ఎం.జి. కాగితపు గుజ్జు బాకాలు. ఇవన్నీ వేల డాలర్లు, వేల పౌండ్ల సరుకు. ఇవి మన అటకల మీద దొరికే అవకాశం తక్కువ కాబట్టి ఎక్కువ చెప్పను. సూట్‌కేసు రకం మాత్రం మధ్యేమార్గంలో నిలబడింది. చిన్నది, మోసుకెళ్ళొచ్చు, బల్ల మీద పెట్టొచ్చు, వాయించొచ్చు. మీ 102 ఆ కోవలోది.

ధర తెలుసుకోవాలంటే అడుగుతున్న ధర చూడకండి, అమ్ముడైన ధర చూడండి. ఈబే అనే అమ్మకాల వెబ్‌సైటులో అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపించే వడపోత (ఫిల్టర్) ఉంది, అది నొక్కండి. విదేశీ వేలం ఫలితాలు చదివేటప్పుడు సుత్తి ధర (వేలంపాట ఆగిన ధర) మీద కొనుగోలుదారు రుసుము కలుస్తుందని గుర్తుంచుకోండి. 100 పౌండ్లకి సుత్తి పడిందనుకోండి. రుసుము 25 శాతం, ఆ రుసుము మీద 20 శాతం పన్ను అయితే కొన్నవాడికి పడేది 130. అమ్మినవాడికి తన వంతు కమీషన్ పోగా చేతికొచ్చేది 100కి బాగా తక్కువ. అందుకే కొన్న ధరకీ అమ్మిన ధరకీ నడుమ ఎప్పుడూ పెద్ద గుంట ఉంటుంది. లాభం కోసం మాత్రమే దిగేవాళ్ళు ఇందులో పడతారు.

మీ పెట్టెకి వద్దాం. 102 మోడల్ 1931 నుంచి 1950ల చివరిదాకా తయారైంది. అరుదైనది కాదు. కానీ చేతిపెట్టెల్లో దీనికి మంచి పేరుంది, ఇంత చిన్న పెట్టెలోంచి వచ్చే శబ్దం గట్టిగా, నిండుగా ఉంటుంది. బ్రిటన్‌లో నడిచే స్థితిలో ఉన్న నల్ల పెట్టె మామూలుగా 100, 200 పౌండ్ల నడుమ పోతుంది. ఎర్ర, నీలం, ఆకుపచ్చ రంగు పెట్టెలకి అదనం. మన దగ్గర మరమ్మతు చేయనిది 8 వేలు, సర్వీసు చేసి పాడుతున్నది 20 వేలు, మంచి చేతుల్లో బాగుపడిందైతే మరికొంత. పట్టణాన్నిబట్టి, తొందరనుబట్టి ఇది మారుతుంది. ఈ ధర అంతా ఆ భాగాలన్నీ ఆ పెట్టెవే అయినప్పుడు. సౌండ్ బాక్సు మీద 5ఏ లేదా 5బి (తొలినాటి పెట్టెల్లో 16) అని ఉందా, కీ అదేనా, మూతలో రికార్డులు పెట్టుకునే పళ్ళెం ఉందా, మూలన బయటికి తిరిగే ముళ్ళ గూడు ఉందా చూడండి. సౌండ్ బాక్సు మారిపోయినా పోయినా ధరలో సగం దాకా కొట్టేసుకోవాలి.

ఒక జబ్బుకి మాత్రం మందు లేదు. ఆ కాలపు చౌక పోతలోహం, అంటే జింకు మిశ్రమం, అందులో కలిసిన సీసం లాంటి మలినాల వల్ల దశాబ్దాల తర్వాత ఉబ్బి, సన్నటి పగుళ్ళు తీసి, బిస్కెట్‌లా విరిగిపోతుంది. సౌండ్ బాక్సు వెనక భాగం, గొట్టపు చెయ్యి వంపు దగ్గర దీపం పెట్టి వెతకండి. పగుళ్ళుంటే ఊడదీసే ప్రయత్నం చేయకండి, చేతిలోనే ముక్కలవుతుంది.

దబ్‌మనే చప్పుడుకి భయపడక్కర్లేదు. డబ్బాలో చుట్టి ఉన్న స్ప్రింగు పొరల మధ్య గ్రీజు ఎండి జిగురై, పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. విప్పుకునేటప్పుడు నెమ్మదిగా జారడానికి బదులు ఒక్కసారి వదులుతాయి, ఆ అదురే ఆ చప్పుడు. అదే సమయంలో పాట కూడా ఒక్క క్షణం వణుకుతుంది. చికిత్స ఒక్కటే, స్ప్రింగు బయటికి తీసి కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, గ్రాఫైట్ గ్రీజు పట్టించి మళ్ళీ చుట్టడం. ఈ పని మీరు చేయకండి. కీ ఇచ్చి ఉన్న స్ప్రింగు డబ్బా తెరిస్తే, ఆ ఉక్కు పట్టీ వేళ్ళు తెగేంత విసురుగా బయటికొస్తుంది. పాత గడియారాలు బాగుచేసే మనిషి దొరికితే అతను చేయగలడు. అతనికి కూడా ముందు పూర్తిగా కీ దించిన తర్వాతే తెరవమని చెప్పండి. స్ప్రింగు విరిగి ఉంటే దాని వెడల్పు, మందం, పొడవు, రెండు కొసల దగ్గర కొక్కెం ఆకారం రాయించుకోండి. కొత్తది తెప్పించాలంటే ఈ నాలుగూ కావాలి. ఎక్కువ కీ ఇస్తే స్ప్రింగు తెగుతుందని పెద్దలు చెప్పిన మాట మాత్రం అపోహ. బిగిసినప్పుడు ఆపితే చాలు. స్ప్రింగు తెగేది లోహం అలసిపోయి, తుప్పు పట్టి.

మోటారులో మీరు చేయగలిగింది నూనె. వేగాన్ని అదుపు చేసే గవర్నర్‌కి మూడు చిన్న బరువులుంటాయి. దాని ఇరుసు రెండు కొసలకీ ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె, దాన్ని రాసుకునే చిన్న దళసరి గుడ్డ బిళ్ళకి మరో చుక్క. అంతే. కొబ్బరినూనె పోయకండి. మన ఇళ్ళలో సగం యంత్రాలు అలాగే జిగురెక్కి ఆగిపోయాయి. వేగం చూడటానికి రికార్డు అంచున చిన్న తెల్ల కాగితం పెట్టి అర నిమిషంలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి, ఈ ప్లేట్ల వేగం నిమిషానికి 78 చుట్లు కాబట్టి 39 రావాలి. ముల్లు ఆనించి, పాట నడుస్తుండగా లెక్కపెట్టాలి, ఖాళీగా తిరిగితే లెక్క తప్పుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే 77 గీతలున్న స్ట్రోబ్ కాగితం 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే బల్బు కింద పెడితే, సరైన వేగంలో గీతలు నిలబడిపోయినట్టు కనబడతాయి. ఎల్.ఇ.డి. బల్బులు కొన్ని మినుకుమనవు, వాటి కింద ఇది పనిచేయదు. నిండుగా కీ ఇస్తే 10 అంగుళాల రికార్డు ఒక వైపు, అంటే మూడు నిమిషాల పైచిలుకు, చివరిదాకా అదే వేగంతో లాగాలి. చివర్లో బరువెక్కితే స్ప్రింగు నీరసించిందనుకోండి.

గరగరకి కారణం ఎక్కువగా సౌండ్ బాక్సులోనే ఉంటుంది. 5ఏ, 5బి రకాల్లో పల్చటి అల్యూమినియం పొర రెండు రబ్బరు వలయాల మధ్య ఊగుతుంటుంది. ఏళ్ళు గడిచాక రబ్బరు రాయి అయిపోతుంది, పొర ఊగలేక గోడకి కొట్టుకుని అరుస్తుంది. పాత వలయం మందం కొలిచి అదే మందంలో మెత్తటి రబ్బరు గొట్టం రెండు ముక్కలు కోసి పెట్టాలి. కొసలు సరిగ్గా ఆనాలి, మీద మీదకి ఎక్కకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. పొరను వేలితో నొక్కినా సొట్ట పడుతుంది. ముల్లు పట్టుకునే కడ్డీ పొరకి కలిసే చోట గాలి దూరకుండా చిటికెడు తేనెమైనం. కడ్డీ ఇరుసు దగ్గరి స్క్రూలు మాత్రం ముట్టుకోకండి, ఆ బిగువు ఫ్యాక్టరీలో సరిచేసింది. సౌండ్ బాక్సు వెనక చెయ్యికి తగిలే రబ్బరు మెడ కూడా గట్టిపడి ఉంటే దాన్నీ మార్చాలి, లేకపోతే సగం శబ్దం అక్కడే కారిపోతుంది.

ఇదంతా చేయకముందు ఒక చిన్న పని చేసి చూడండి. కొత్త ముల్లు వేయండి. డబ్బాలో మిగిలిన తాతగారి నాటి ముళ్ళు వాడినవే అయ్యుంటాయి. ఉక్కు ముల్లు ఒక వైపుకి ఒకటి, అంతే. లక్క రికార్డులో రాతిపొడి లాంటి గరుకు పదార్థం కలుపుతారు. మొదటి చుట్లలోనే అది ముల్లును తన గాడికి తగ్గట్టు అరగదీసుకుంటుంది. అరిగిన ముల్లుతో రెండో రికార్డు పెడితే, ఈసారి అరిగేది రికార్డు. కొత్త ముళ్ళు 100 కొన్ని వందల రూపాయలకి వస్తాయి. ఎల్.పి.లు, వినైల్ ప్లేట్లు దీని మీద ఎప్పుడూ పెట్టకండి, ఒక్కసారికే గాళ్ళు చితికిపోతాయి.

తళతళలాడించాలన్న కోరిక చంపుకోండి. నికెల్ పూత మీద బ్రాసో పాలిష్, చింతపండు రుద్దితే పూత లేచిపోయి ఇత్తడి బయటపడుతుంది. కొనేవాడి కంటికి అది నష్టం. పెట్టె మీది రెక్సిన్‌కి తడి పిండిన గుడ్డ చాలు. కొత్త రెక్సిన్ అతికించిన 102 కంటే, మూలలు గీసుకుపోయిన అసలు 102కే ఎక్కువ ఇస్తారు.

ఇప్పుడు ప్లేట్లు. మీ ఉత్తరంలో నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే, వ్యాపారి ధరలో వీటి వాటా దాదాపు సున్నా. పెట్టె లాంటి పెట్టెలు వేలున్నాయి. 1930ల నాటి తెలుగు పద్య నాటకాల రికార్డులు మాత్రం మళ్ళీ అచ్చయ్యేవి కావు, వెతికేవాళ్ళు తక్కువే అయినా పట్టుదల ఉన్నవాళ్ళు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, డి.వి. సుబ్బారావు లాంటి నాటి రంగస్థల నటుల పేర్లు లేబుళ్ళ మీద ఉంటే పక్కన పెట్టండి. హెచ్.ఎం.వి., కొలంబియా, ట్విన్ మామూలుగా ఎక్కువ దొరుకుతాయి. ఓడియన్, హచ్చిన్స్, బ్రాడ్‌కాస్ట్ లాంటి లేబుళ్ళు కనబడితే ఇంకా జాగ్రత్త. సాలూరు రాజేశ్వరరావు పసితనంలో భగవద్గీత పాడింది హచ్చిన్స్ కంపెనీకే. 1950ల సినిమా పాటలు ఎంత ఇష్టమైనవైనా ఎక్కువగా అచ్చయ్యాయి కాబట్టి ఒక్కోటి 50 నుంచి 200 రూపాయల దగ్గర ఆగిపోతాయి. ఒక వింత: చాలా దేశాలు 78 స్పీడు ప్లేట్లు మానేశాక కూడా మన దేశంలో 1960లలో అచ్చవుతూనే ఉన్నాయి. అందువల్ల బీటిల్స్ పాటల 78 ప్లేట్లు ఇక్కడివి విదేశాల్లో వందల పౌండ్లు పలుకుతాయి. ఇంట్లో ఎవరికైనా ఇంగ్లీషు పాటల సరదా ఉండేదేమో చూడండి.

ఒక పుస్తకంలో పట్టిక రాయండి. లేబుల్ పేరు, లేబుల్ మీది నంబరు, పాడినవారు, రెండు వైపులా ఏముంది, పాట అయిపోయిన చోట నున్నటి భాగంలో చెక్కిన నంబరు, ప్లేటు స్థితి. ఆ చెక్కిన నంబరు రికార్డింగుది, లేబుల్ చెరిగినా దాన్నిబట్టి పోల్చుకోవచ్చు. స్థితి చూడటానికి దీపం ఒక పక్కనుంచి పడేలా పట్టుకోండి. నల్లగా నిగనిగలాడితే మంచిది, బూడిద రంగు తిరిగితే గాడి అరిగింది. వెంట్రుక పగులున్న దాన్ని మధ్య కంతలో వేలుంచి, అంచున మెల్లిగా గోటితో తడితే చిల్లుకుండలా బొంగురు పలుకుతుంది. బూడిద రంగు తిరిగిన అపురూపమైన ప్లేటు కంటే నల్లటి మామూలు ప్లేటు తొందరగా అమ్ముడవుతుంది, మార్కెట్ అలా ఉంటుంది.

కడగడానికి స్వేదన జలం, అందులో ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం, మెత్తటి బ్రష్షు. లేబుల్ తడవకూడదు. స్పిరిట్ ముట్టించకండి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, పాట అక్కడితో సరి. అట్ట కవర్లలో నిలువుగా పెట్టండి. పడుకోబెట్టి దొంతర పేరిస్తే మన వేసవిలో వంగిపోతాయి. అరుదైనవాటిని ఉక్కు ముల్లుకి ఇవ్వకముందే, 78 ప్లేట్ల కోసం చేసిన లావు ముల్లున్న ఎలక్ట్రిక్ టర్న్‌టేబుల్ మీద కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. లావు అంటే 3 మిల్, సుమారు 75 మైక్రాన్లు. ఎల్.పి. ముల్లు దీని గాడి అడుగున దొర్లుతూ గరగరే ఎక్కువగా వినిపిస్తుంది.

కాబట్టి వ్యాపారికి, పట్టిక పూర్తయ్యాక చెబుతానని చెప్పండి. 11 వేలన్నది ఆ పెట్టె ఒక్కదానికైతే అన్యాయపు ధరేం కాదు, ప్లేట్లు ఉచితంగా పోవడమే అన్యాయం. ఇక మీ సరదాకి పెట్టుబడి 45 వేలుందంటే, అందులో సౌండ్ బాక్సు, స్ప్రింగు పనికి ఐదారు వేలు, 78 ముల్లున్న టర్న్‌టేబుల్‌కి కొంత, మిగిలిన దాంతో ప్లేట్లు. మరో యంత్రం కావాలనిపిస్తే బాకా లేని బల్ల మీది పెట్టె గ్రామఫోన్ ఏదైనా చూడండి. మనవాళ్ళు బాకా కోసం ఎగబడటం వల్ల అవి నకిలీల బారిన పడలేదు, ధరా తక్కువే. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్ల విడి భాగాలు దొరుకుతాయి, అక్కడ కొన్నదానికి మాత్రం చీటీ రాయించుకోండి.

మీ అన్నయ్యగారి సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 102 తయారీ మొదలైందే 1931లో కాబట్టి మీ పెట్టెకి ఆ అడ్డు లేదు. కానీ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి 1931 సంగతి తెలియాలని లేదు. భారత పురావస్తు శాఖ నుంచి, ఇది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవడం మేలు. ముందుగా ఫోటోలు తీసి, మోడల్ నంబరు కనబడేలా పెట్టి, ప్రయాణానికి చాలా వారాల ముందే అడగండి. ఈ చట్టం దృష్టితో హైదరాబాద్ దుకాణదారు మాట మరోసారి వినండి. నిజంగా 1905 నాటిదైతే అమెరికాకి పంపడం కుదరదు. పంపగలనంటున్నాడంటే 1905 నాటిది కాదని అతనికే తెలుసు, లేదా చట్టం తెలియదు.

పెట్టె వెళ్ళేటట్టయితే కీ పూర్తిగా దించేయాలి. సౌండ్ బాక్సు తీసి మెత్తటి గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకోవాలి. పళ్ళెం ఊడదీసి విడిగా కట్టాలి, లేకపోతే సామాన్లు విసిరినప్పుడు దాని బరువుకి ఇరుసు వంగుతుంది. చెయ్యి కదలకుండా కట్టి, మూతకీ దానికీ మధ్య స్పాంజి ఉంచాలి. ప్లేట్లు మాత్రం ఈసారికి ఇంటి దగ్గరే ఉంచండి. 10 అంగుళాల లక్క ప్లేటు ఒక్కోటి 200 గ్రాముల దాకా తూగుతుంది, 60 అంటే 12 కిలోలు. చాలా విమానాల్లో చేతిసంచికి ఇచ్చేది 7 కిలోలే. కింద సామానులో వేస్తే ముక్కలేరుకోవాలి. అన్నయ్యగారికి తప్పకుండా కావాలంటే ఎక్కించుకున్న పాటలు పంపి, ప్లేట్లు ఒక్కో ప్రయాణానికి పది చొప్పున, రెండు గట్టి అట్టల మధ్య కదలకుండా కట్టి చేతిలో పట్టుకెళ్ళమనండి.